స్నేహితుడి డుకాటి కొనాలా, అన్నయ్య చెప్పిన సుజుకి కొనాలా?

ప్రశ్న

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాం.

ఆయన వయసు 34. పెళ్లై ఒక పాప ఉంది. కాలేజీ రోజుల నుంచి స్పోర్ట్స్ బైక్ కొనాలని కోరిక. ఇంటి అవసరాలు తీరాక మిగిలినదాంట్లోంచి కొద్దికొద్దిగా పక్కన పెడుతూ, ఇన్నాళ్లకు ఒక సెకండ్ హ్యాండ్ బండికి సరిపడా కూడబెట్టారు. భార్య కూడా సరేనన్నారు. కాకపోతే ఒక్క మాట: "కొనడానికి ఎంతవుతుందో అంతే. ఆ తర్వాత నెలనెలా షెడ్డుకి డబ్బు పోయడం నా వల్ల కాదు."

ఆయన ముందు రెండు బండ్లున్నాయి. ఒకటి ప్రాణస్నేహితుడి 2017 మోడల్ డుకాటి 959 పానిగాలే. సింగిల్ హ్యాండ్, 13,000 కిలోమీటర్లే తిరిగింది. రెండోది బొత్తిగా పరిచయం లేని వ్యక్తి అమ్ముతున్న 2013 మోడల్ సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750. అది 31,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకు రానూపోనూ 40 కిలోమీటర్లు. అందులో సగం ట్రాఫిక్. వీలైన ఆదివారాల్లో దూరప్రయాణం.

అన్నయ్య ఒకప్పుడు పాత ఇటాలియన్ బండి కొని, బెల్టులకీ వైరింగుకీ డబ్బు పెట్టలేక సగం ధరకు వదిలించుకున్నారు. "చూడ్డానికి డుకాటి, తోలడానికి జపాన్ బండి" అన్నది ఆయన మాట. స్నేహితుడేమో "సుజుకి అంతా ప్లాస్టిక్‌రా, నా బండి వెల్డింగ్ చూడు, పెయింట్ చూడు" అంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఏం నిర్ణయించావని అడుగుతున్నాడు. మన పాఠకుడికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. "నాకు కావాల్సింది బండా, లేక అందరూ సరే అనడమా అని నాకే అనుమానంగా ఉంది" అని రాశారు. చివరగా ఇంకో ప్రశ్న: స్నేహితుడి బండిని వేరే మెకానిక్‌కు చూపిస్తానంటే అవమానంగా తీసుకుంటాడా?

సమాధానం

మీ అన్నయ్య, మీ స్నేహితుడు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఒకే విషయం గురించి కాదు. స్నేహితుడు మాట్లాడుతున్నది బండి తయారీ గురించి. అన్నయ్య మాట్లాడుతున్నది బండి మొరాయించకుండా నడవడం గురించి. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లే మీకింత టెన్షన్. పెయింట్ అద్దంలా మెరిసే బండి చిన్న సెన్సర్ పోయి రోడ్డు పక్కన ఆగిపోవచ్చు. బోల్టులు తుప్పు పట్టి, సైలెన్సర్ రంగు మారిన బండి ఏళ్ల తరబడి ఒక్క బటన్ నొక్కుడుకే స్టార్ట్ కావచ్చు.

తయారీ సంగతి ముందు చూద్దాం. డుకాటి ఫినిషింగ్ బాగుంటుందన్న మాట నిజమే. పానిగాలేలో మామూలు ఫ్రేమ్ ఉండదు. అల్యూమినియం మోనోకాక్ (డొల్ల పెట్టెలా ఒకే ముక్కగా పోతపోసిన చట్రం) నేరుగా ఇంజిన్‌కు బిగించి ఉంటుంది, ఇంజినే బండికి వెన్నెముక. దగ్గర నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. అయితే "సుజుకి అంతా ప్లాస్టిక్" అన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. 2011 నుంచి వచ్చిన జీఎస్ఎక్స్-ఆర్750కి ముందు బ్రేకులకు బ్రెంబో కంపెనీ మోనోబ్లాక్ కాలిపర్లు (ఒకే లోహపు ముక్కతో చేసిన, డిస్కును పట్టి ఆపే భాగాలు), ముందు ఫోర్కులు (షాక్ అబ్జార్బర్లు) షోవా కంపెనీ బిగ్ పిస్టన్ రకం. మీ స్నేహితుడి 959కీ బ్రెంబో మోనోబ్లాక్‌లే, షోవా బిగ్ పిస్టన్ ఫోర్కులే. కాలిపర్ మోడల్ వేరు కావచ్చు, పని చేసే విధానం ఒకటే. రైడర్ ప్రాణం ఆధారపడే చోట సుజుకి పొదుపు చేయలేదు. పొదుపంతా ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) అంచుల్లో, బోల్టుల పూతలో, మీటర్ కన్సోల్‌లో కనిపిస్తుంది.

ఇక మీ అన్నయ్య అనుభవం. దాన్ని కొట్టిపారేయకండి, అలాగని ఈ బండికి అంటగట్టకండి. పాత డుకాటి ఇంజిన్లలో క్యామ్‌షాఫ్టులను (వాల్వులను తెరిచి మూసే కడ్డీలను) తిప్పేది రబ్బరు బెల్టు. బండి తిరిగినా తిరగకపోయినా, కాలం గడిస్తే దాన్ని మార్చాల్సిందే. తెగిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడైపోతుంది. మీ అన్నయ్యను ముంచింది ఇదే. 959లో ఉన్నది సూపర్‌క్వాడ్రో కుటుంబం ఇంజిన్. 1199 పానిగాలేతో మొదలైన ఈ ఇంజిన్లలో రబ్బరు బెల్టులే లేవు. చెయిన్, గేర్లు కలిసి ఆ పని చేస్తాయి. కాబట్టి ఆయన భయంలో సగం ఈ బండికి వర్తించదు.

మిగతా సగం మాత్రం వర్తిస్తుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2015లో పాఠకుల బండ్ల మీద చేసిన సర్వే ఫలితాలు ప్రచురించింది. నాలుగేళ్ల వయసున్న బండ్లలో రిపేరుకొచ్చినవి యమహాలో 11 శాతం, సుజుకి, హోండాల్లో 12, కవాసాకిలో 15, డుకాటిలో 33, బీఎండబ్ల్యూలో 40 అని అందులో అంచనా వేశారు. ఇందులో స్పోర్ట్స్ బైకులే కాదు, ఆ కంపెనీల అన్ని రకాల బండ్లూ ఉన్నాయి. పైగా ఎక్కువగా కనిపించిన ఫిర్యాదులు ఎలక్ట్రికల్స్, బ్రేకులు, ఇంధన వ్యవస్థ, అదనపు పరికరాల గురించి. ఇంజిన్ బద్దలవడం గురించి కాదు. ఈ అంకెల్ని మీ అన్నయ్యకు చూపిస్తే "చూశావా" అంటారు. నేను చూసేది ఇంకోలా: మూడు డుకాటిల్లో రెండు ఏ గొడవా లేకుండా నడిచాయి, ఎనిమిది సుజుకీల్లో దాదాపు ఒకటి రిపేరుకొచ్చింది. మీరు కొంటున్నది కంపెనీ సగటును కాదు, ఒకే ఒక్క బండిని. జపాన్ పేరు కూడా రక్షరేకు కాదు. 2015లో సరికొత్తగా వచ్చిన యమహా ఆర్1ని గేర్‌బాక్స్ లోపం వల్ల ఆ కంపెనీయే రీకాల్ చేయాల్సి వచ్చింది, అంటే అమ్మిన బండ్లను వెనక్కి పిలిచి సరిచేయాల్సి వచ్చింది.

మీరు అడగాల్సిన ప్రశ్న "ఏది చెడిపోదు" అని కాదు. ఏది, ఎప్పుడు, ఏం అడుగుతుంది, అది తీర్చగల మనిషి మీకు అందుబాటులో ఉన్నాడా అన్నది. దీన్ని మీ వాడకంతో కలిపి లెక్కేద్దాం.

రోజుకు 40 కిలోమీటర్లు, పైన ఆదివారాలు. ఏడాదికి 12,000 నుంచి 14,000 కిలోమీటర్లు తిరుగుతారు. 959కి వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని కదిపే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నటి సందు) చూడాల్సింది 24,000 కిలోమీటర్ల దగ్గర. ఇప్పుడు 13,000 దగ్గర ఉంది. అంటే మీరు కొన్న ఏడాదిలోపే ఆ పెద్ద సర్వీస్ మీ నెత్తిన పడుతుంది. మామూలు ఇంజిన్లలో వాల్వును క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగ్ మూస్తుంది. డుకాటిలో మూసేదీ క్యామే. 1950ల్లో ఇంజినీరు ఫాబియో టాలియోని డుకాటి రేసు బండ్లలో ప్రవేశపెట్టిన డెస్మోడ్రోమిక్ పద్ధతి ఇది. ఒక్కో వాల్వుకు తెరిచేవైపు ఒక సందు, మూసేవైపు ఒక సందు కొలవాలి. 959లో వాల్వులు ఎనిమిది, కొలతలు పదహారు. సుజుకిలో వాల్వులు పదహారు, కొలతలూ పదహారే. లెక్క సరిసమానం. తేడా వచ్చేది ఎక్కడంటే, డుకాటి వెనుక సిలిండర్ దగ్గరకు చేరాలంటే చాలా విప్పాలి, మూసేవైపు షిమ్‌లు (సందును సరిచేసే చిన్న లోహపు ముక్కలు) సరిచేయడానికి ఆ ఇంజిన్ తెలిసిన చెయ్యి కావాలి. మెకానిక్ గంటలు పెరుగుతాయి, బిల్లూ పెరుగుతుంది. మీ ఆవిడ భయపడుతున్నది సరిగ్గా ఈ బిల్లు గురించే. అది హఠాత్తుగా వచ్చేది కాదు, ముందే తారీఖు తెలిసినది. తెలిసిన ఖర్చును ధరలో కలిపి చూస్తే భయం చాలావరకు పోతుంది.

సుజుకికి కూడా వాల్వ్ చెకింగ్ 24,000 దగ్గరే. అది ఇప్పటికే 31,000 తిరిగింది కాబట్టి అయిపోయి ఉండాలి. అయిందా? బిల్లు చూపించమనండి. బిల్లు ఉంటే 48,000 దాకా ఆ ఊసు లేదు. లేకపోతే ఆ పని ఏడు వేల కిలోమీటర్లుగా వాయిదా పడిందనుకుని, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి.

సుజుకి గురించి ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2013 అక్టోబరులో సుజుకి 2004 నుంచి 2013 వరకు వచ్చిన జీఎస్ఎక్స్-ఆర్600, 750 బండ్లను ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసే భాగం) కోసం రీకాల్ చేసింది. బ్రేక్ ఆయిల్ చాలాకాలం మార్చకపోతే తేమ పీల్చుకుంటుంది. దానివల్ల మాస్టర్ సిలిండర్ లోపలి పిస్టన్ తుప్పు పట్టి గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్ బయటికి పోక, బ్రేక్ లివర్ స్పాంజిలా మెత్తబడుతుంది. మీరు చూస్తున్నది 2013 మోడల్, అంటే సరిగ్గా ఈ పరిధిలోనిది. చాసిస్ నంబరు ఇచ్చి రీకాల్ పని పూర్తయిందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. కాకపోతే చేయించాకే బండి ఎక్కండి. డిజైన్ లోపం, ఓనర్ నిర్లక్ష్యం రెండూ కలిస్తేనే ఈ ప్రమాదం వస్తుందన్నది గమనించండి. సెకండ్ హ్యాండ్ బండి విషయంలో నేను కంపెనీ పేరు కంటే ఓనర్ అలవాట్లకే ఎక్కువ విలువ ఇస్తాను. కారణం ఇదే.

తక్కువ కిలోమీటర్లు తిరిగింది కదా అని డుకాటికి ఎక్కువ మార్కులు వేసేయకండి. ఇన్నేళ్లలో 13,000 అంటే ఎక్కువ కాలం కదలకుండా నిలబడిందని అర్థం. నిలబడిన బండికి బ్యాటరీ నీరసిస్తుంది, ఫోర్క్ సీళ్లు ఎండుతాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి, చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, రబ్బరు గట్టిపడ్డ టైరుతో స్పోర్ట్స్ బైక్ నడపకూడదు. డుకాటికి ఏడాదికోసారి, లేదా 12,000 కిలోమీటర్లకోసారి సర్వీస్ అని రూలు. "తిరగలేదు కదా, అందుకే చేయించలేదు" అని మీ స్నేహితుడు అంటే, అది ఆయన దృష్టిలో పొదుపు, మీ దృష్టిలో బాకీ.

రెండు బండ్లకూ చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ముందుగా చెప్పి వెళ్లండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని కోరండి. వెళ్లగానే ఇంజిన్ కవర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే కోల్డ్ స్టార్ట్ (చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో) మీకు చూపించడం ఇష్టం లేదని అర్థం. ఓల్ట్ మీటర్ ఒకటి పట్టుకెళ్లండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 ఓల్టుల దాకా, స్టార్ట్ చేసి 5,000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే ఛార్జింగ్ సరిగా లేదు. స్పోర్ట్స్ బైకులు రోడ్డు మీద ఆగిపోయే కారణాల్లో ఇదొక పెద్దది, దీనికి ఏ దేశపు బండీ మినహాయింపు కాదు. స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే భాగం) నుంచి రెగ్యులేటర్‌కు (ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సరిచేసేదానికి) వెళ్లే మూడు వైర్ల కనెక్టర్ విప్పి చూడమనండి. తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, పిన్నుల దగ్గర కాస్త కరిగినట్టు ఉంటే అక్కడ వేడి పుడుతోంది. ఆ బండి ఈ రోజు బాగానే స్టార్ట్ అవుతుంది, ఆరు నెలల తర్వాత కాదు.

పడిన బండిని పట్టుకోవడానికి ఫెయిరింగ్ చూడొద్దు. కొత్తది వేసేయొచ్చు. హ్యాండిల్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పి, స్టీరింగ్ ఆగే చోట ఫ్రేమ్ మీద ఉండే స్టాపర్ దగ్గర పెయింట్ పగిలిందా, నొక్కుకుపోయిందా చూడండి. గట్టిగా పడిన బండి అక్కడ దొరికిపోతుంది. టెస్ట్ రైడ్‌లో రెండో గేరులో కాస్త గట్టిగా పికప్ ఇవ్వండి. గేరు జారితే అక్కడితో మాటలు ఆపేయొచ్చు.

మీ ఉత్తరంలో ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. 959కి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉంది, ట్రాక్షన్ కంట్రోల్ (పికప్ ఇచ్చినప్పుడు వెనుక చక్రం జారకుండా చూసేది) ఉంది. ఆ సుజుకికి రెండూ లేవు. ఎలక్ట్రానిక్స్ ఎక్కువైతే చెడిపోయేవీ ఎక్కువే అని మీ అన్నయ్య అంటారు, అది నిజమే. అయినా రోజూ ట్రాఫిక్‌లో, తడి రోడ్డు మీద, ఆఫీసు అలసటతో నడిపే మనిషికి ఏబీఎస్ ఉండాలన్నదే నా అభిప్రాయం. ఇంట్లో చిన్న పాప ఉందని మీరే రాశారు. ఇదే ట్రాఫిక్‌లో డుకాటికి ఒక ఇబ్బంది ఉంది: వెనుక సిలిండర్ సరిగ్గా తొడల కింద ఉంటుంది, నిలిచి నిలిచి వెళ్లేటప్పుడు ఆ వేడి భరించాల్సింది మీరే. అరగంట ట్రాఫిక్‌లో నడిపి చూడకుండా మాట ఇవ్వకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. డుకాటి కొంటే మీ మనసు నిండుతుంది, ఆ మాట మీ ఉత్తరం నిండా ఉంది. దాని చరిత్ర తెలిసిన మనిషి చేతిలోంచి వస్తుంది, ఏబీఎస్ ఉంటుంది. బదులుగా మొదటి ఏడాదిలోనే పెద్ద సర్వీస్, బహుశా టైర్లు, బ్యాటరీ. కూడబెట్టిన డబ్బంతా ధరకే పోయేట్టయితే ఈ దారి వద్దంటాను. సర్వీస్ డబ్బు పక్కన పెట్టాక కూడా ధర సరిపోతేనే అది మీకు అందే బండి. డుకాటి ఇంజిన్ విప్పిన అనుభవమున్న మెకానిక్ దగ్గరలో లేకపోతే చిన్న పనికి కూడా బండి రోజులకు రోజులు ఆగిపోతుంది. ఆఫీసుకు వేరే వాహనం లేని మీకు అది మామూలు ఇబ్బంది కాదు.

సుజుకి కొంటే ఖర్చు తక్కువ, స్పేర్ పార్టులు తేలిక. 2011 నుంచి పెద్దగా మారని ఇంజిన్ కాబట్టి దాని గుట్టుమట్లు చాలామంది మెకానిక్‌లకు తెలుసు. అమ్మేవారు ఎవరో తెలియదు కాబట్టి కాగితాలే మీకు సాక్ష్యం. సర్వీస్ బిల్లులు లేకపోతే, రీకాల్ పని తేలకపోతే, ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి. ఇంకో సంగతి కూడా ఆలోచించుకోండి. వేరే ఎవరో మీ స్నేహితుడి డుకాటి తోలుకుపోతుంటే చూసి, సుజుకి మీద విసుగు పెంచుకునే స్వభావమా మీది? అలాగైతే తక్కువ ఖర్చు కూడా ఎక్కువే అనిపిస్తుంది.

ఈ రెండూ కాని దారి కూడా ఉంది. ఇంకొన్నాళ్లు ఆగి, యమహా ఆర్7 లాంటి కొత్త తరం మధ్యస్థ స్పోర్ట్స్ బైక్ చూడొచ్చు. 2021లో వచ్చిన ఆ బండిలో 689 సీసీ ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిన్ ఉంది. అదే ఇంజిన్ 2014 నుంచి యమహాదే ఇంకో బండి ఎంటీ-07లో నడుస్తోంది. ఏబీఎస్ ఉంది, రోజువారీ వాడకానికి సులువు. 959తోనో, 750తోనో పోలిస్తే పవర్ మాత్రం సగం దగ్గరే, 73 హార్స్‌పవర్. ఆ మోజు మీకు ఎంతుందో మీకే తెలియాలి. మీ వాడకం మాత్రమే చూస్తే నేను ఈ దారి వైపే మొగ్గుతాను. ఎన్నేళ్లుగానో పెంచుకున్న కోరికను నా మొగ్గుతో కొలవలేనని కూడా తెలుసు.

అన్నయ్య విషయంలో పెద్ద చిక్కేమీ లేదు. ఆయన మీకు బెల్టుల కథ చెప్పారు, మీరు ఆయనకు ఈ ఇంజిన్‌లో బెల్టులు లేవని చెప్పండి. చెకింగ్‌కి ఆయన్నే తీసుకెళ్లండి. దెబ్బ తిన్న మనిషి కన్ను మీకు పనికొస్తుంది. మీ ఆవిడకు మాత్రం ధర ఒక్కటే చెప్పకండి. మొదటి పన్నెండు నెలల ఖర్చంతా, సర్వీస్, టైర్లు, ఇన్సూరెన్స్ సహా, ఒక కాగితం మీద రాసి ముందే చూపించండి. ఆమె వద్దన్నది ఖర్చును కాదు, చెప్పకుండా వచ్చే ఖర్చును.

ఇక స్నేహితుడు. మెకానిక్‌కు చూపిస్తానంటే అవమానపడతాడేమో అన్నారు. చూపించకుండా కొన్నారనుకోండి, ఆరు నెలలకు ఏదో పోయింది. ఆయనకు తెలిసే అమ్మాడా అన్న అనుమానం మీకు రాకుండా ఉంటుందా? ఆ అనుమానం మీ ముఖంలో ఆయనకు కనబడకుండా ఉంటుందా? చెకింగ్ ఆయన్ని కూడా కాపాడుతుంది. మీరిద్దరూ మాట్లాడుకునే భాషలోనే చెప్పండి: "ఒరేయ్, బండి మీద అనుమానం కాదు. రేపు దీనికి ఏదైనా అయితే మనిద్దరి మధ్య మాట రాకూడదు. ముందే ఒకడు చూసి చెబితే నీకూ నాకూ మంచిది." చెకింగ్ ఖర్చు మీరే పెట్టుకోండి. రిపోర్టు కాపీ ఆయనకూ ఇవ్వండి. మీరు కొనకపోయినా ఆ కాగితం ఆయనకు వేరేచోట అమ్ముకోవడానికి పనికొస్తుంది. ధర దగ్గర మొహమాటపడి ఎక్కువా ఇవ్వకండి, స్నేహం పేరు చెప్పి తక్కువా అడగకండి. అలాంటి బండ్లు బయట ఎంతకు పోతున్నాయో ఇద్దరూ కలిసి చూసి, చేయాల్సిన సర్వీస్ ఖర్చు తగ్గించుకుంటే చాలు. అమ్మకం అయ్యాక వచ్చే రిపేర్లు పూర్తిగా మీవే అని ఆ రోజే తేల్చి చెప్పండి.

వద్దనుకుంటే మాత్రం నాన్చకండి. "ఆలోచిస్తున్నా" అంటూ వారాలు గడపడమే ఆయన్ని ఎక్కువ బాధపెడుతుంది. ఈ ఆదివారంలోగా చెకింగ్‌కి తారీఖన్నా ఖాయం చేయండి, కుదరదనైనా చెప్పేయండి. మీ జవాబు కోసం ఆగి ఆయన బండిని ఇంకెవరికీ చూపించడం లేదేమో.